సూదికి ముందూ వెనకా: మత్తు ఇంజెక్షన్‌తో చేసే దంత చికిత్సలో రోగి బెరుకును, బాధను తగ్గించే పద్ధతి

పన్ను పీకించుకోవడానికో, రూట్ కెనాల్ చేయించుకోవడానికో వచ్చినవారిని దేనికి భయపడుతున్నారని అడిగితే, ఎక్కువమంది చెప్పే మొదటి మాట సూది. నొప్పి తెలియకుండా చేయవలసిన సాధనమే అన్నిటికన్నా పెద్ద భయంగా మారడం మా వృత్తిలోని విచిత్రం. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేసిన లిగ్నోకైన్ అనే మత్తుమందు 1948లో మార్కెట్‌లోకి వచ్చింది. మన క్లినిక్‌లలో ఈ రోజుకీ ఎక్కువగా వాడేది ఆ మందునే. మందులో లోపం లేదు. ఇచ్చే తీరులో, అందులోనూ తొందరలో, లోపం ఉంది.

రోగితో మాట్లాడడానికి మూడు నిమిషాలు, చిగురు మీద పూసే జెల్‌కు రెండు నిమిషాలు, మందు ఎక్కించడానికి రెండు నిమిషాలు, అది నరానికి పట్టడానికి ఐదు నిమిషాలు, వెరసి పన్నెండు నిమిషాలు. బయట బెంచీ మీద పదిమంది ఎదురుచూస్తున్న క్లినిక్‌లో మొదట కోతపడేది ఈ పన్నెండు నిమిషాలకే. వాటిని ఎక్కడ, ఎలా ఖర్చు చేయాలో ఈ వ్యాసం వరుసగా వివరిస్తుంది. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన దంతవైద్యులను, వారి సహాయకులను దృష్టిలో పెట్టుకుని రాసినప్పటికీ, చికిత్సకు వెళ్లబోతున్నవారు కూడా చదివి, తమ డాక్టరును ఏమి అడగవచ్చో తెలుసుకోవచ్చు.

మొదటి దశ: రోగి ఇంటి నుంచి బయలుదేరక ముందు

అపాయింట్‌మెంట్ ఇచ్చే ఫోనులోనే కొంత పని పూర్తి కావాలి. ఇంజెక్షన్ వేస్తారు కాబట్టి పరగడుపున వెళ్లాలని మన దగ్గర చాలామంది అనుకుంటారు. పూర్తిగా స్పృహ తప్పించి చేసే ఆపరేషన్లకు వర్తించే నియమాన్ని వారు దీనికీ వర్తింపజేసుకుంటారు. నోటి వరకే మత్తు ఇచ్చే చికిత్సకు ఖాళీ కడుపుతో రావడం మేలు చేయకపోగా, కళ్లు తిరగడానికి కారణమవుతుంది. మధుమేహం ఉన్నవారు మాత్ర వేసుకుని లేదా ఇన్సులిన్ తీసుకుని టిఫిను మానేసి వస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. అప్పుడు వచ్చే చెమటను, వణుకును భయంగా పొరబడే అవకాశం ఉంది. కనుక ఫోను ఎత్తిన సహాయకురాలు "టిఫిను చేసి, రోజూ వేసుకునే మాత్రలు వేసుకుని రండి, మందుల చీటీ వెంట తెచ్చుకోండి" అని తప్పనిసరిగా చెప్పాలి. మత్తు మాత్రలు లేదా మరేదైనా సెడేషన్ (మగత కలిగించి భయం తగ్గించే మందు) ఇవ్వదలచుకున్నప్పుడు మాత్రం తిండి విషయంలో విడిగా సూచనలు ఇవ్వాలి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం పలచబడే మందులు వాడేవారు పన్ను తీయించుకోవాలని తమంతట తామే వాటిని ఆపేసి రావడం కూడా మామూలే. ఆ మందులను ఆపడం వల్ల వచ్చే ప్రమాదం పన్ను గుంటలోంచి కారే రక్తం కన్నా పెద్దది కావచ్చు. దాని సంగతి ఆ మందు రాసిన డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి తప్ప రోగికి వదిలేయకూడదు.

బాగా భయపడేవారికి ఉదయం పూట మొదటి అపాయింట్‌మెంట్ ఇవ్వడం మంచిది. సాయంత్రం ఆరింటికి రమ్మంటే వారు రోజంతా ఆ సూదినే తలచుకుంటూ గడుపుతారు. బయటి గదిలో అరగంట కూర్చుని లోపలి మిషను చప్పుడు వినడం కూడా భయాన్ని పెంచుతుంది.

భయం ఎంత ఉందో కొలవడానికి ఐదు ప్రశ్నల చిన్న పట్టిక ఒకటి ఉంది. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే, బయట గదిలో కూర్చున్నప్పుడు, పంటిని మిషనుతో తొలిచేటప్పుడు, పళ్లు శుభ్రం చేసేటప్పుడు, చిగురులో సూది వేసేటప్పుడు ఎలా అనిపిస్తుందో ఒక్కొక్కదానికి ఒకటి నుంచి ఐదు వరకు అంకె వేయమంటారు. మొత్తం 19 గానీ అంతకన్నా ఎక్కువగానీ వస్తే తీవ్రమైన భయంగా భావించాలి. ఈ ప్రశ్నలను తెలుగులో ఒక కాగితం మీద అచ్చు వేయించి పెట్టుకోవచ్చు, చదవడం రానివారికి సహాయకురాలు చదివి వినిపించవచ్చు. "నాకు భయం" అని నోటితో చెప్పలేని మగవారు, ముఖ్యంగా నడివయసువారు, అంకె మాత్రం నిజాయతీగానే వేస్తారన్నది నేను గమనించిన సంగతి.

ఇదే సమయంలో రెండు విషయాలు తవ్వి అడగాలి. మొదటిది, "నాకు మత్తు ఇంజెక్షన్ పడదు" అన్న మాట. అప్పుడు సరిగ్గా ఏం జరిగిందో అడిగితే, ఎక్కువసార్లు కళ్లు తిరిగి పడిపోవడమో, మత్తు ఎక్కువసేపు నిలవడానికి మందులో కలిపే అడ్రినలిన్ వల్ల కాసేపు గుండె దడదడలాడడమో అయివుంటుంది. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం జరిగిందని చెబితే మాత్రం ఇంజెక్షన్ పక్కన పెట్టి, అలర్జీ నిపుణుల దగ్గరికి పంపాలి. రెండోది, రోగి పైకి అడగని భయం. పై పన్ను పీకితే చూపు తగ్గుతుందన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా బలంగానే ఉంది. పళ్లకు స్పర్శ ఇచ్చే నరం వేరని, చూపునిచ్చే నరం వేరని, మెదడు నుంచి వచ్చే వరుసలో ఒకటి ఐదోది అయితే మరొకటి రెండోదని, పన్ను తీసినందువల్ల చూపు నరానికి ఏమీ కాదని వారు అడగకపోయినా చెప్పాలి. అలా చెప్పగానే కొందరి భుజాలు దిగడం కంటికే కనిపిస్తుంది.

రెండో దశ: కుర్చీని వాల్చక ముందు మూడు నిమిషాలు

రోగి నిటారుగా కూర్చుని ఉన్నప్పుడే, డాక్టరు ముఖానికి మాస్కు లేనప్పుడే, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని, కళ్లలోకి లైటు పడుతున్న మనిషికి మనం చెప్పేది సగమే చెవికెక్కుతుంది. పటకారులు, సిరంజీలు ఉన్న ట్రేను వెనక్కి జరిపి, మీద ఒక గుడ్డ కప్పి ఉంచాలి. రక్తపోటు కూడా ఇప్పుడే చూడాలి. వచ్చీ రాగానే చూస్తే భయం వల్ల ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మరోసారి చూడాలి.

చెప్పవలసిన మాటలు నిజమైనవి కావాలి. "చీమ కుట్టినట్టు ఉంటుంది" అన్నది తెలుగునాట ప్రతి సూదికీ పలికే మంత్రం. పై చిగురులో నెమ్మదిగా వేసే ఇంజెక్షన్‌కు ఆ మాట సరిపోవచ్చు గానీ, అంగిలిలో వేసే ఇంజెక్షన్‌కు అది పచ్చి అబద్ధం. ఒక్కసారి అబద్ధమని తేలాక, ఆ తరువాత మనం చెప్పే ఏ మాటనూ రోగి నమ్మడు, నమ్మనివాడి దవడ కండరాలు వదులు కావు. దానికి బదులు ఇలా చెప్పవచ్చు: "అమ్మా, ముందు చిగురు మీద పూత మందు రాస్తాను, అది కాస్త చేదుగా ఉంటుంది. తరువాత సూది వేసేటప్పుడు కొంచెం నొక్కినట్టు, కొంచెం మండినట్టు ఉంటుంది, ఒక నిమిషంలో తగ్గిపోతుంది. మందు పట్టాక పెదవి లావెక్కినట్టు అనిపిస్తుంది గానీ నిజంగా వాపు రాదు. గుండె కాసేపు గట్టిగా కొట్టుకోవచ్చు, రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది."

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మత్తు నొప్పిని ఆపుతుంది గానీ, నొక్కిన భావాన్ని, కదలికను, ఎముక గుండా వినిపించే చప్పుడును ఆపదు. వత్తిడిని మోసే నరపు పోగులు లావైనవి, అవి పూర్తిగా మొద్దుబారవు. ఈ సంగతి ముందుగా తెలియని రోగి, పంటిని పటకారుతో పట్టగానే కలిగే వత్తిడిని మత్తు పట్టలేదన్న దానికి గుర్తుగా తీసుకుని బిగుసుకుపోతాడు. అతడి వేలిగోటిని గట్టిగా నొక్కి "ఇది వత్తిడి" అని, గోరుతో మెల్లగా గిచ్చి "ఇది నొప్పి" అని చూపిస్తే తేడా వెంటనే బోధపడుతుంది. "మొదటిది తెలుస్తుంది, రెండోది తెలియకూడదు, తెలిస్తే చెప్పండి" అంటే చాలు.

చెప్పడానికి ఒక సైగ ఉండాలి. కుడిచేతి వాటం డాక్టరు రోగికి కుడివైపున ఉంటాడు కాబట్టి, ఎడమ చెయ్యి ఎత్తితే ఆపేస్తానని మాట ఇవ్వాలి. ఆ మాటను నిలబెట్టుకోవడం అంతకంటే ముఖ్యం. చెయ్యి ఎత్తిన తరువాత "అయిపోయింది, ఇంకొక్క సెకను" అంటూ పని సాగిస్తే ఆ సైగకు విలువ ఉండదు. నోట్లోకి వేలు పెట్టకముందే ఒకసారి ఉత్తుత్తిగా చెయ్యి ఎత్తించి, మనం చేతులు వెనక్కి తీసి చూపించడం మంచి పద్ధతి. నిజంగా ఆపుతారని నమ్మకం కుదిరినవారిలో చాలామంది ఆ సైగను ఒక్కసారి కూడా వాడరు.

మూడో దశ: మాటలతో తగ్గని భయానికి

నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం చాలామందికి సరిపోతుంది. వదిలే ఊపిరి పొడవుగా ఉండడం ఇందులో కీలకం. కేవలం "గట్టిగా ఊపిరి పీల్చండి" అంటే రోగి గబగబా పీల్చి వదిలి, వేళ్లు తిమ్మిరెక్కి మరింత కంగారు పడతాడు.

సూదిని చూడగానే, రక్తం చూడగానే స్పృహ తప్పేవారు వేరే కోవకు చెందుతారు. వీరిలో మొదట పెరిగిన రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. వీరిని ఒళ్లు వదులు చేయమనడం సరికాదు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్-యోరాన్ ఓస్ట్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ప్రకారం చేతులు, తొడలు, పొట్ట కండరాలను పది పదిహేను సెకన్లు, ముఖం వెచ్చబడే వరకు బిగించి, తరువాత అర నిమిషం మామూలు స్థితికి వదిలి, ఇలా నాలుగైదుసార్లు చేయించాలి. చిగురులో సూది ఉన్నప్పుడు మాత్రం చేయించకూడదు, తల కదిలే ప్రమాదం ఉంది.

ఇవేవీ సరిపోకపోతే నైట్రస్ ఆక్సైడ్ వాయువును ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మాస్కు ద్వారా ఇవ్వడం మరో దారి. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఈ వాయువు పీల్చి తన పన్నునే తీయించుకున్నాడు, ఇప్పటికీ ఇది వాడుకలో ఉంది. రోగి మెలకువగానే ఉంటాడు, మాటకు బదులిస్తాడు, భయం మాత్రం పలచబడుతుంది. ముక్కు దిబ్బడ ఉన్నవారికి, గర్భం మొదటి నెలల్లో ఉన్నవారికి ఇది తగదు. మత్తు మాత్రలు ఇస్తే వెంట మనిషి ఉండి తీరాలి, ఆ రోజు బండి నడపకూడదు. శిక్షణ, ఆక్సిజన్, పల్స్ ఆక్సిమీటర్ లేకుండా ఈ రెండు దారుల్లో దేనిలోనూ అడుగు పెట్టకూడదు.

నాలుగో దశ: పూత మందు

తడి చిగురు మీద జెల్ రాస్తే అది లాలాజలంలో కలిసి నాలుకను, గొంతును మొద్దుబారుస్తుంది, సూది దిగే చోటును వదిలేస్తుంది. చిన్న గాజ్ (పలచటి నూలు) గుడ్డతో చిగురును పొడిగా తుడిచి, దూది పుల్ల మీద శనగగింజలో సగమంత జెల్ తీసుకుని, సూది దిగే చోటనే రెండు నిమిషాలు పట్టి ఉంచాలి. గడియారం చూడాలి, ఎందుకంటే అంచనా మీద వదిలేసిన రెండు నిమిషాలు ఇరవై సెకన్లుగా మారిపోతాయి. ఈ పూత రెండు మూడు మిల్లీమీటర్ల లోతు వరకే పనిచేస్తుంది. స్ప్రే వాడితే అది గొంతు దాకా పాకి, గుటక పడడం లేదన్న భయం కలిగిస్తుంది కాబట్టి, దాన్ని దూది మీద కొట్టి పూయడం మేలు. బెంజోకైన్ ఉన్న జెల్‌లను రెండేళ్లలోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని అవి అరుదుగానైనా దెబ్బతీయగలవు.

ఐదో దశ: సూది

రోగిని వెల్లకిలా, కాళ్లు కాస్త ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టి ఇంజెక్షన్ ఇస్తే కళ్లు తిరగడం చాలావరకు తప్పుతుంది. నెలలు నిండుతున్న గర్భిణిని మాత్రం కుడి పిరుదు కింద చిన్న దిండు పెట్టి ఎడమవైపుకు ఒరిగేలా పడుకోబెట్టాలి.

మన దగ్గర చాలా క్లినిక్‌లలో కార్ట్రిడ్జి సిరంజీలకు (మందు ముందే నింపిన చిన్న గొట్టం అమర్చి వాడేవి) బదులు 30 మి.లీ. సీసాలోంచి మందును మామూలు డిస్పోజబుల్ సిరంజిలోకి తీసుకుని వాడతారు. అందులో తప్పేమీ లేదు. అయితే సీసా రబ్బరు మూతను పొడిచిన సూది మొన అప్పటికే మొద్దుబారుతుంది. దానితోనే చిగురును పొడిస్తే దిగదు, చీల్చుతుంది. మందు తీశాక సూది మార్చడానికి అయ్యే ఖర్చు అతి స్వల్పం. ఒకే రోగికి మూడు నాలుగు చోట్ల పొడవవలసి వచ్చినప్పుడు కూడా మధ్యలో కొత్త సూది తొడగాలి. మన ఎండాకాలంలో మందును ఫ్రిజ్‌లో దాచినట్లయితే, గది వేడికి వచ్చే వరకు బయట పెట్టి వాడాలి, చల్లటి ద్రవం లోపలికి వెళ్తే బాధగా ఉంటుంది.

సూది దించేటప్పుడు బుగ్గను లేదా పెదవిని బిగువుగా లాగి పట్టుకోవాలి. బిగిసిన చర్మంలోకి సూది సులభంగా దిగుతుంది, వదులుగా ఉన్నచోట మడతపడి నొప్పి పుట్టిస్తుంది. అదే సమయంలో పట్టుకున్న బుగ్గను వేళ్లతో చిన్నగా కదిలిస్తూ ఉండాలి. రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, స్పర్శ సంకేతాలు వెన్నుపాము ద్వారం దగ్గర నొప్పి సంకేతాలను కొంతవరకు అడ్డుకుంటాయి. దెబ్బ తగిలిన చోటును అమ్మ రుద్దితే హాయిగా ఉండడం వెనక ఉన్నదీ ఇదే.

మొన లోపలికి దిగగానే రెండు చుక్కల మందు వదిలి, కొన్ని సెకన్లు ఆగి, ముందుకు జరపాలి. సిరంజిని వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకున్నాకే మిగిలిన మందు ఎక్కించాలి. వేగం నిమిషానికి ఒక మి.లీ. దాటకపోతే అన్నిటికంటే మేలు. ఈ దశలో నొప్పి ఎంత ఉంటుందో సూది సన్నదనం కన్నా ఈ వేగమే ఎక్కువగా నిర్ణయిస్తుంది. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ చెడిపోకుండా ఉండడానికి దాన్ని ఆమ్ల గుణంతో తయారుచేస్తారు. దాని పీహెచ్ (ఎంత ఆమ్లమో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) నాలుగుకు అటూ ఇటూ ఉంటుంది, మన కణజాలానిది 7.4. ఆ మంట అక్కడి నుంచే వస్తుంది. నెమ్మదిగా ఎక్కిస్తే కణజాలం దాన్ని సర్దుకోగలుగుతుంది. 8.4 శాతం సోడియం బైకార్బొనేట్‌ను పది భాగాల మందుకు ఒక భాగం చొప్పున అప్పటికప్పుడు కలిపి మంటను తగ్గించే పద్ధతి కూడా ఉంది. కలిపిన మందును నిల్వ ఉంచకూడదు.

అంగిలి సంగతి వేరు. అక్కడ చర్మం ఎముకకు అతుక్కుని ఉంటుంది, మందు వెళ్లడానికి చోటుండదు. అద్దం పిడితో లేదా దూది పుల్లతో ఆ చోటు తెల్లబడే వరకు గట్టిగా అదిమి, పదిహేను ఇరవై సెకన్ల తరువాత ఆ వత్తిడి వదలకుండానే దాని పక్కన సూది దించి, 0.2 లేదా 0.3 మి.లీ. మాత్రమే అతి నెమ్మదిగా ఎక్కించాలి. బయటి చిగురు అప్పటికే మొద్దుబారి ఉంటే, రెండు పళ్ల మధ్య చిగురు ముక్కలోంచి లోపలివైపుకు మందు జరుపుకుంటూ వెళ్లి, ఆ తరువాత అంగిలిలో వేస్తే బాధ చాలా తగ్గుతుంది.

కింది దవడ నరానికి ఇచ్చే బ్లాక్‌లో (ఆ నరం మొత్తాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్‌లో) సూది మొన నరానికి దగ్గరైతే నాలుకలోనో, పెదవిలోనో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. ఇది జరగవచ్చని ముందే చెప్పి ఉంచాలి. జరిగితే సూదిని కాస్త వెనక్కి తీసి, ఆ తరువాతే మందు వదలాలి. ఈ మొత్తం సమయంలో సహాయకురాలి పని సిరంజిని రోగి కళ్ల ముందు నుంచి కాకుండా గడ్డం కిందుగా అందించడం, భుజం మీద చెయ్యి వేసి ఉండడం. ఆడవారికి ఆడ సహాయకురాలే ఈ పని చేయాలి.

ఆరో దశ: ఆగడం

సూది తీసిన వెంటనే మరో రోగి దగ్గరికి వెళ్లిపోవడం మన క్లినిక్‌లలో పాతుకుపోయిన అలవాటు. కళ్లు తిరగడం, అరుదుగా వచ్చే మందు వికటింపు కనిపించేది సరిగ్గా ఆ నిమిషాల్లోనే కాబట్టి, డాక్టరు గానీ సహాయకురాలు గానీ పక్కనే ఉండాలి. పై పళ్లకు మూడు నుంచి ఐదు నిమిషాలు, కింది దవడ బ్లాక్‌కు ఐదు నుంచి పది నిమిషాలు ఆగాలి. ఊరి సంగతులో, పిల్లల చదువులో మాట్లాడించవచ్చు.

"మొద్దుబారిందా?" అన్న ప్రశ్న ఒక్కటే పరీక్ష కాదు. మొహమాటంతో చాలామంది అవునంటారు. కింది పెదవిలో సగం లావెక్కినట్టు ఉందేమో అడిగి, ఆపైన చిగురును మొన ఉన్న పరికరంతో రెండు పక్కలా తాకి తేడా చూడాలి. పెదవి మొద్దుబారినంత మాత్రాన పంటి లోపలి నరం మొద్దుబారినట్టు కాదు. రూట్ కెనాల్ చేయబోతున్నప్పుడు చల్లటి స్ప్రే కొట్టిన దూదిని పంటికి ఆనించి, జివ్వుమనడం పూర్తిగా పోయిందని తేల్చుకున్నాకే మిషను పట్టుకోవాలి.

ఏడో దశ: అయినా నొప్పి పుడితే

నమ్మాలి. "మత్తు ఇచ్చాను, నొప్పి రాదు, అది మీ భయం" అన్న వాక్యం దంతవైద్యంలో అన్నిటికన్నా ఎక్కువ హాని చేసిన వాక్యమని నా అభిప్రాయం. కింది దవడ బ్లాక్ నూటికి పదిహేను ఇరవై సార్లు మొదటి ప్రయత్నంలో సరిగ్గా పట్టదని పాఠ్యపుస్తకాలే ఒప్పుకుంటాయి. రాత్రంతా నిద్రపోనివ్వని పిప్పి పన్నులో ఆ వైఫల్యం ఇంకా ఎక్కువ. చీము, వాపు ఉన్నచోట కణజాలం ఆమ్లంగా మారి, మందులో నరం లోపలికి చొచ్చుకుపోగల భాగం తగ్గిపోతుంది. రెచ్చిపోయి ఉన్న నరం కూడా మందుకు లొంగదు. రోగి చెప్పేది భయమో, నొప్పో తేల్చడానికి మనం కూర్చుని వాదించవలసిన పని లేదు, రెండింటికీ మొదటి మందు పని ఆపడమే.

ఆపాక, ముందు బ్లాక్ పట్టిందో లేదో పెదవిని బట్టి చూడాలి. పెదవి మామూలుగా ఉంటే బ్లాక్‌నే కాస్త పైన తిరిగి వేయాలి. పెదవి మొద్దుబారినా పన్ను నొప్పి పెడుతుంటే, అదే చోట మళ్లీ పొడవడం వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. పంటి పక్క బయటి చిగురులో ఆర్టికైన్ అనే మరో మత్తుమందు ఇవ్వడం, పంటికీ ఎముకకూ మధ్య ఉన్న సందులో కొద్దిగా మందును వత్తిడితో ఎక్కించడం మెరుగైన దారులు. తీవ్రమైన పంటి పోటుతో వచ్చినవారికి, పడనివారు కాకపోతే, గంట ముందు ఇబుప్రొఫెన్ 400 మి.గ్రా. ఇచ్చి ఉంచితే బ్లాక్ పట్టే అవకాశం పెరుగుతుంది. పంటి లోపలి నరంలోకి నేరుగా సూది దించే పద్ధతిని చివరి అస్త్రంగానే ఉంచుకోవాలి, ఒక్క క్షణం గట్టిగా పోటు వస్తుందని చెప్పి మరీ చేయాలి.

మళ్లీ మళ్లీ ఇచ్చేటప్పుడు లెక్క మరచిపోకూడదు. 2 శాతం మందు అంటే ఒక మి.లీ.లో 20 మి.గ్రా. లిగ్నోకైన్. జాగ్రత్తపరుల పరిమితి కిలో బరువుకు 4.4 మి.గ్రా. ఇరవై కిలోల పిల్లవాడికి ఇది 88 మి.గ్రా., అంటే 4.4 మి.లీ. మాత్రమే. గుండె జబ్బు ఉన్నవారికి ఒక విడతలో అడ్రినలిన్ 0.04 మి.గ్రా. దాటకూడదంటారు. 80,000కు ఒక వంతు అడ్రినలిన్ ఉన్న మందులో అది 3.2 మి.లీ.కే వచ్చేస్తుంది, రెండు లక్షలకు ఒక వంతు ఉన్న మందులో 8 మి.లీ. వరకు అడ్రినలిన్ పరిమితి రాదు, అప్పుడు చూసుకోవలసింది లిగ్నోకైన్ లెక్క. పరిమితి దగ్గర పడితే, తాత్కాలికంగా మందు పెట్టి మరో రోజు రమ్మనడంలో చిన్నతనం లేదు.

ఎనిమిదో దశ: పని జరుగుతున్నంత సేపు

మత్తు పట్టాక మిగిలే ఇబ్బందులలో సూదితో సంబంధం ఉన్నవి తక్కువ. గంటసేపు తెరిచిన నోటికి దవడ కీలు నొప్పి పుడుతుంది. పళ్ల మధ్య రబ్బరు దిమ్మ పెడితే కండరాలు విశ్రాంతి తీసుకుంటాయి. పది పదిహేను నిమిషాలకు ఒకసారి నోరు మూయనివ్వాలి. గొంతులో నిలిచే నీళ్లు ఊపిరి ఆడదన్న భయాన్ని రేపుతాయి కాబట్టి సక్షన్ (నీళ్లు పీల్చే గొట్టం) నిరంతరం ఉండాలి. మెడ కింద చిన్న దిండు, కళ్లకు నల్లద్దాలు, ఏసీ చలికి ఒక దుప్పటి పెద్ద ఖర్చులేమీ కావు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని తమకు నచ్చిన పాటలు వినడం మిషను చప్పుడును కప్పుతుంది. పాటలు రోగి ఎంచుకోవాలి, శబ్దం మన మాట వినిపించేంత తక్కువగా ఉండాలి.

చేయబోయేదాన్ని ఒక్కొక్క మాటలో ముందే చెబుతూ ఉండాలి: "నీళ్లు వస్తాయి", "చప్పుడు ఇరవై సెకన్లు". జ్ఞానదంతం తీసేటప్పుడు పన్ను విరిచే చప్పుడు తలలో పెద్దగా మోగుతుంది. దవడ విరిగిందేమోనని రోగి హడలిపోకుండా, ఆ చప్పుడుకు ముందే హెచ్చరించాలి.

వాంతి వచ్చినట్టు అయ్యేవారిని నిటారుకు దగ్గరగా కూర్చోబెట్టి, ముక్కుతో ఊపిరి తీయమని, ఒక కాలు పైకెత్తి పట్టుకోమని చెబితే ధ్యాస మళ్లుతుంది. నాలుక కొన మీద చిటికెడు ఉప్పు వేయడం కూడా కొందరిలో పనిచేస్తుంది.

ముఖం పాలిపోయి, నుదుట చెమట పట్టి, ఆవులింతలు మొదలైతే కళ్లు తిరగబోతున్నాయని అర్థం. నోట్లోంచి అన్నీ తీసి, కుర్చీని పూర్తిగా వాల్చి, కాళ్లు ఎత్తాలి. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకోకపోతే దాన్ని మామూలు సొమ్మసిల్లడంగా భావించకూడదు. ఊపిరి, నాడి చూసి 108కి ఫోను చేయాలి.

పిల్లల విషయం

పిల్లల భయంలో కొంత భాగం ఇంట్లోనే తయారవుతుంది. "అల్లరి చేస్తే డాక్టరు దగ్గర సూది వేయిస్తా" అని ఏళ్ల తరబడి బెదిరించి, చివరికి ఆ డాక్టరు దగ్గరికే తీసుకొచ్చి, "ఏం కాదు నాన్నా, డాక్టరు గారు ఊరికే చూస్తారంతే" అని అబద్ధం చెప్పే తల్లిదండ్రులను రోజూ చూస్తాం. ఆ రెండు మాటలూ మానుకోమని మొదటి ఫోనులోనే చెప్పాలి. పరికరం గురించి పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, వేలి గోటి మీద తిప్పి చూపించి, ఆ తరువాతే నోట్లో వాడే పద్ధతి 1959 నుంచి పిల్లల దంతవైద్యంలో వాడుకలో ఉంది. "పంటిని నిద్రపుచ్చుదాం" అనడం అబద్ధం కాదు. "సూదే లేదు" అనడం అబద్ధం.

ఇంటికి వెళ్లాక మొద్దుబారిన పెదవిని వింతగా కొరుక్కుని పుండు చేసుకోవడం చిన్నపిల్లల్లో మామూలు. స్పర్శ పూర్తిగా తిరిగి వచ్చే వరకు అమ్మ గానీ నానమ్మ గానీ కనిపెట్టుకుని ఉండాలి.

చివరి దశ: లేచి వెళ్లేటప్పుడు, ఆ సాయంత్రం

కుర్చీని ఒక్కసారిగా లేపకుండా, రెండు నిమిషాలు కూర్చోబెట్టి దించాలి. లిగ్నోకైన్‌తో పంటి నరం మొద్దు గంటలో విడినా, పెదవి, బుగ్గ మూడు నుంచి ఐదు గంటలు మొద్దుగానే ఉంటాయి. అప్పటివరకు వేడి టీ, కాఫీ తాగకూడదు. కాలినా తెలియదు.

నొప్పి మాత్ర మత్తు పూర్తిగా విడిచాక కాకుండా, పెదవిలో చిమచిమ మొదలవగానే వేసుకోవాలి. పన్ను తీసిన తరువాత వచ్చే నొప్పికి ఇబుప్రొఫెన్‌నూ పారాసెటమాల్‌నూ కలిపి వాడడం చాలామందిలో బాగా పనిచేస్తుంది. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, నొప్పి మాత్రలతో ఆయాసం వచ్చేవారికి, గర్భిణులకు పారాసెటమాల్ ఒక్కటే మేలు. ఈ సూచనలు నోటితో చెప్పి ఊరుకోకుండా తెలుగులో రాసి ఇవ్వాలి, వెంట వచ్చినవారికి కూడా చెప్పాలి, ఎందుకంటే భయంతో ఉన్న మనిషికి సగం గుర్తుండదు.

ఆ సాయంత్రం క్లినిక్ నుంచి ఒక ఫోను వెళ్లాలి. రక్తం ఆగిందా, అన్నం తిన్నారా, మాత్ర వేసుకున్నారా అన్న మూడు ప్రశ్నలు చాలు. ఆ జవాబులతో పాటు రోగి కార్డులో ఆ రోజు గమనించినవి రాసి పెట్టాలి: కింది ఎడమ బ్లాక్ రెండోసారి వేస్తే గానీ పట్టలేదు, అడ్రినలిన్‌కు గుండె దడ వచ్చింది, రబ్బరు దిమ్మ సుఖంగా ఉందన్నారు, చెయ్యి ఒకసారి ఎత్తారు, పాత పాటలు అడిగారు. ఆరు నెలల తరువాత ఆ రోగి మళ్లీ వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోబెట్టక ముందే ఆ కార్డు చదవాలి.